గవ్వలకోట రాణికి తొమ్మిది మార్కులు

నా పరువు చాలాసార్లు పోయింది గానీ అవన్నీ చిల్లర నష్టాలు. ఒక్కటి మాత్రం అసలు సిసలైనది. అది తెనాలిలో, పట్టపగలు, మైకు ముందు, కుర్చీలన్నీ నిండిన హాల్లో జరిగింది. పరువు పోగొట్టుకోవడానికి హాలు మాట్లాడి, కాఫీలు ఏర్పాటు చేసి, మనిషి మనిషికీ ఫోను చేసి రమ్మని పిలిచినవాణ్ని ఈ చుట్టుపక్కల నేనొక్కణ్నే అయివుంటాను. మీరు నవ్వడానికి సిద్ధంగా ఉంటే చెబుతాను. లేకపోయినా చెబుతాను. నేను చెప్పకపోతే శామ్యూల్ మాస్టారు చెబుతారు, ఆయన నోట వింటే ఇంకా ఘోరంగా ఉంటుంది.

నా పేరు ప్రసాదు. తెనాలిలో ఫోటో స్టూడియో నడుపుతాను. చిన్నప్పటి బొమ్మల కథల పుస్తకాలంటే, అంటే ఇప్పటివాళ్లు కామిక్స్ అనేవంటే, నాకు పిచ్చి. ఆ మాటను 'ఇష్టం' అని మార్చడానికి మా ఆవిడ విజయ ఒప్పుకోదు. మాది నందివెలుగు. కొత్త సంచిక వచ్చిందని తెలిస్తే చాలు, మా నాన్న సైకిలు మీద అడ్డతొక్కుడు తొక్కుకుంటూ తెనాలి బస్టాండుకి పోయేవాణ్ని. అక్కడ పేపర్ల కొట్టాయన పుస్తకాలను తాడు మీద బట్టల్లా ఆరేసి ఉంచేవాడు. కొన్న పుస్తకాన్ని ఇంటికి వెళ్లాక చదవాలన్న ఓపిక ఎవరికుంటుంది? సైకిలు నడిపించుకుంటూ చదివేవాణ్ని. అలా ఒకసారి కథలో రాక్షసుడు మీదికి దూకే చోట నిజంగానే ఏదో గుద్దుకుని కాలవలో పడ్డాను. తలెత్తి చూస్తే గేదె. అదీ నావంక రాక్షసుణ్ని చూసినట్టే చూసింది. పుస్తకం తడవకుండా చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను చూడండి, నా జీవితంలో చేసిన సాహసమంతా అదే.

ఆ పుస్తకాలను పెద్దయ్యాక పాత కాగితాల కొట్లలోనూ, చుట్టాల ఇళ్ల అటకల మీదా వెతుక్కుంటూ తిరిగితే, ఇదే పిచ్చి ఉన్నవాళ్లు మరో ఇద్దరు తగిలారు. ఒకరు బాపట్ల శామ్యూల్ మాస్టారు. ఇంగ్లీషు టీచరుగా రిటైరయ్యారు. ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడతారు, తక్కిన రోజుల్లో అందరికంటే మెల్లగా మాట్లాడతారు. మెల్లగా మాట్లాడేవాళ్లతోనే ప్రమాదమని నాకు అప్పట్లో తెలియదు. రెండోవారు నాగమణక్కయ్య. రేపల్లెలో బట్టల కొట్టు ఉంది. ఈపురుపాలెం నేత చీరను కొనేవాళ్ల ముందు ఎంత జాగ్రత్తగా పరుస్తుందో, పాత పుస్తకాన్నీ అంత జాగ్రత్తగా తెరుస్తుంది. మేం ముగ్గురం అప్పుడప్పుడూ బాపట్లలో మాస్టారి ఇంటి వరండాలో కలుసుకునేవాళ్లం. పుస్తకాలు మార్చుకోవడం, వాసన చూడడం, చిన్నప్పటి కథలు చెప్పుకోవడం, ఇవే మా సమావేశాలు. పాత న్యూస్‌ప్రింటు వాసన మీకు తెలుసా? ఎండలో ఉన్న గడ్డివాములా ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, వేసవి సెలవులు వచ్చేస్తాయి.

ఇంత హాయిగా ఉన్న వరండాలోకి గ్రేడింగును తీసుకొచ్చింది నేనే.

కామిక్స్‌కు గ్రేడు వేసే కొత్త సంస్థ ఒకటి వచ్చిందని ఫోన్లో చూశాను. చూడగానే ఒళ్లు పులకరించింది. మర్నాడే బాపట్ల బండెక్కాను. నాగమణక్కయ్యను కూడా రప్పించాను.

"ఏంటి తమ్ముడూ, పుస్తకానికి మార్కులేంటి?" అంది అక్కయ్య.

"మార్కులు కాదక్కయ్య గారూ, గ్రేడు. మడతలు, మరకలు, చిరుగులు అన్నీ నిపుణులు భూతద్దం పెట్టి చూసి పదికి ఇంత అని తేలుస్తారండి. తర్వాత గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు వేసేస్తారు. నూరేళ్లయినా చెక్కుచెదరదు."

"మరి చదువుకోవాలంటే?"

"చదవకూడదండి. సీలు తీస్తే గ్రేడు పోతుంది."

"చదవకుండా నూరేళ్లుండి ఏం చేస్తుంది తమ్ముడూ?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నా అలవాటు. పెంచాను. మాస్టారు కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"సంస్థ కొత్తదంటున్నావు కదయ్యా. పంపినవాళ్లెవరైనా ఉన్నారా?"

"దేశమంతా దీని గురించే చర్చండి. సగం మంది పంపేద్దామంటున్నారు. తక్కిన సగం, ముందు మీరు పంపండి, తర్వాత చూద్దాం అంటున్నారు."

"అంటే అందరూ రెండో సగంలోనే ఉన్నారన్నమాట."

"అందుకే కదండీ, మనం పంపితే మొదటి సగం మనమే అవుతాం!"

"బల్లకి గ్రేడు వేస్తారా?" అడిగారు మాస్టారు.

"ఎందుకండీ?"

"ఇందాకట్నుంచీ గుద్దుతున్నావు. ఉన్న గ్రేడు తగ్గిపోతుందేమోనని."

ఎంతసేపు వాదించానో తెలియదు గానీ చివరికి ఇద్దరూ అలిసిపోయి ఒప్పుకున్నారు. ఒక్క పుస్తకం పంపి చూద్దామన్నారు. ఏది పంపాలి? నా పుస్తకాల అంచులు ఎలుకలకు నచ్చాయి. మాస్టారి పుస్తకాల మీద వాళ్ల నలుగురు పిల్లలూ పాలు తాగారు. మిగిలింది నాగమణక్కయ్య దగ్గరున్న 'గవ్వలకోట రాణి'. ఒకప్పుడు తెనాలిలోనే ఓ చిన్న ప్రెస్సువాళ్లు అచ్చువేసి, వెంటనే ప్రెస్సు మూసేశారు. ఆ పుస్తకం మరెవరి దగ్గరైనా ఉందని మేం వినలేదు. అక్కయ్యకు దాన్ని కొనిచ్చింది వాళ్ల అన్నయ్య రాఘవులు. ఆయన ఇప్పుడు లేరు. పుస్తకాన్ని అక్కయ్య తెల్లటి మల్లు గుడ్డలో చుట్టి, కొత్త చీరల మధ్యన దాచేది.

"అన్నయ్య పేరు రాసి తెనాలి లైబ్రరీలో అద్దాల బీరువాలో పెట్టిస్తానండి. తరతరాలు చూస్తాయి," అన్నాను. ఆ మాటకే ఆమె మెత్తబడింది. నేను ఆ మాట అన్నది కూడా మెత్తబడుతుందనే.

పుస్తకం తేవడానికి రేపల్లె వెళ్లాను. అక్కయ్య కొట్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. మూట విప్పి, కాసేపు అట్ట మీద చెయ్యి వేసి ఉంచింది. నీలం సముద్రం, గవ్వలతో కట్టిన కోట, తెల్ల గుర్రం మీద రాణి. అట్ట నిన్న అచ్చయినట్టు మెరిసిపోతోంది.

"తమ్ముడూ, పంపేముందు ఒకసారి తెరిచి చూడండి. లోపల మా అన్నయ్య కొంచెం..."

"అమ్మో, తెరవకూడదండి! వెన్ను విరుగుతుంది!"

"ఏం విరగదు. నేను ఏటా తెరుస్తూనే ఉన్నా."

"ఇకమీదట తెరవకండి."

"అది కాదు, అన్నయ్య పెన్సిలు పట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. అందుకని..."

"వివరాలు నిపుణులు చూసుకుంటారండి. మనకెందుకు?"

పాపం, ఆవిడ రెండుసార్లు చెప్పబోయింది. నేను రెండుసార్లూ చెయ్యి అడ్డంపెట్టాను. ఆ చేతికి తెల్ల గ్లౌజు కూడా ఉంది, అదో సంగతి. నిపుణులు గ్లౌజులు వేసుకుంటారని ఎక్కడో చూసి, నేనూ వేసుకునే వెళ్లాను. తిరుగు ప్రయాణంలో రేపల్లె ప్యాసింజరులో పుస్తకాన్ని రెండు చేతుల్లో పళ్లెంలా పట్టుకుని కూర్చుంటే, ఎదురుగా కొల్లూరు అరటిపళ్ల గంపతో ఉన్న ఒక మామ్మ నన్ను తేరిపార చూసి, చీర కొంచెం పైకి లాగి మోకాలు ముందుకు చాచింది.

"నాయనా, డాక్టరువా? ఇది వంగట్లేదు, కాస్త చూడయ్యా."

"డాక్టర్ని కాదు మామ్మా. పుస్తకం తీసుకెళ్తున్నాను."

"పుస్తకానికేం జబ్బు?"

బోగీలో అందరూ నవ్వారు. అది హెచ్చరికని నాకు తోచలేదు.

పుస్తకాన్ని తెరవకుండానే, పసిపిల్లకు బట్టలు చుట్టినట్టు చుట్టి కొరియరులో పంపాను. ఆ తర్వాత నాకు తిండి సహించలేదు. కొన్నాళ్లకు ఆ సంస్థ నుంచి కబురు వచ్చింది: గ్రేడు నిర్ణయమైంది, పెట్టె తయారైంది, ముద్ర ఫోటో జతచేశాం. స్టూడియోలో కస్టమర్లకు పెళ్లి ఫోటోలు చూపించే ట్యాబు ఒకటుంది. అందులో తెరిచాను. గుండ్రటి వెండిరంగు ముద్ర, చుట్టూ చీమల్లాంటి చిన్న అక్షరాలు, మధ్యలో పెద్దగా అంకె.

9.0.

నేను వేసిన కేకకు పాస్‌పోర్టు ఫోటో దిగుతున్న కస్టమరు కళ్లు మూసేశాడు. విజయ లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ?"

"తొమ్మిది! పదికి తొమ్మిది!"

విజయ ట్యాబు వైపు చూసి, "ఆ చుట్టూ రాసిందేంటి, ఒక్క ముక్కా చదవడానికి రావట్లేదు?" అంది.

"అది డిజైను," అన్నాను.

ఫోటోలు తియ్యడమే వృత్తిగా ఉన్నవాణ్ని, అది డిజైను అన్నాను. ఈ మాటను గుర్తుచేసి విజయ ఇప్పటికీ నాతో ఏ పనైనా చేయించుకుంటుంది.

ఆ రోజు మొదలు నేను నేల మీద నడవలేదు. మాస్టారికి చెప్పాను. అక్కయ్యకు చెప్పాను. దేశంలోని సేకరణదారుల గ్రూపులన్నిటిలో చెప్పాను. లైబ్రరీవాళ్లు హాలిచ్చారు. పెట్టె వచ్చాక సభలోనే, అందరి ఎదుటా విప్పుదామని పార్సిలు అలాగే ఉంచాను. వేదిక వెనకాల ఫ్లెక్సీ కట్టించాను. అందులో ఒకపక్క నిలువెత్తు 9.0, రెండోపక్క అంతే ఎత్తున గ్లౌజులతో చేతులు కట్టుకుని నేను. రాణి బొమ్మ కూడా ఉంది, మూలన, స్టాంపంత.

సభ రోజున హాలు నిండింది. నాగమణక్కయ్య పట్టుచీర కట్టుకుని వచ్చింది. నేను మైకు ముందు నిలబడి కాగితం సంరక్షణ గురించి చాలాసేపు మాట్లాడాను. జనం కాఫీల కోసం తలుపు వైపు చూడడం మొదలుపెట్టాక పార్సిలు విప్పాను. దళసరి ప్లాస్టిక్ పెట్టె బయటికి వచ్చింది. లోపల నీలం సముద్రం, గవ్వలకోట, గుర్రం, రాణి. అందరూ చప్పట్లు కొట్టారు. పెట్టెను పైకెత్తి చూపించాను. చప్పట్లు ముందు వరసలో ఆగాయి. తర్వాత రెండో వరసలో ఆగాయి.

"ప్రసాదూ," అన్నారు పక్కనున్న మాస్టారు మెల్లగా, "దాని మీద సున్నా పాయింటు ఆరు అని ఉంది."

చూశాను. రాణి నిటారుగానే ఉంది. గుర్రం నిటారుగానే ఉంది. రాణి తల మీద ముద్రలో 0.6 అని ఉంది.

"పొరపాటు పడ్డారు! ఇప్పుడే తేలుస్తాను!" అని ఆ సంస్థకు ఫోను కలిపాను. న్యాయం అందరికీ వినపడాలి కదా, స్పీకరు పెట్టి ఫోనును మైకు దగ్గర పట్టుకున్నాను. అటునుంచి ఒక అమ్మాయి మర్యాదగా పలికింది.

"చెప్పండి సార్."

"ఏంటండీ ఇది? ఫోటోలో తొమ్మిది పంపించి, పెట్టె మీద సున్నా పాయింటు ఆరు వేస్తారా? ఇక్కడ సభ జరుగుతోంది!"

"ఒక్క నిమిషం సార్... ఆ ఫోటో మీ దగ్గర ఉందా?"

"ట్యాబులో ఉంది. నా ముందే ఉంది. తొమ్మిదే!"

"సారీ సార్, ఆ ఫోటో తలకిందులుగా వచ్చినట్టుంది. ఒకసారి తిప్పి చూస్తారా?"

ట్యాబును గిర్రున తిప్పాను. "తిప్పాను. ఇప్పటికీ తొమ్మిదే!"

"ట్యాబు తిప్పితే లోపల బొమ్మ కూడా తిరుగుతుంది సార్. దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, మీరు అటువైపుకి వెళ్లి చూడండి."

అంతమంది చూస్తుండగా ట్యాబును బల్ల మీద పెట్టి, పంచె సర్దుకుని, నేను బల్ల చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాను. వంగి చూశాను. 0.6. చుట్టూ ఉన్న డిజైను చక్కటి ఇంగ్లీషు అక్షరాలై నన్ను పలకరించింది.

హాల్లో మొదట ఎవరు నవ్వారో తెలియదు. తర్వాత నవ్వనివాళ్లు ఎవరో కూడా తెలియదు. మాస్టారు మైకు దగ్గరికి వంగి, మెల్లగానే అన్నారు: "ఫ్లెక్సీ వృథా పోదులేవయ్యా. తిరగేసి కట్టిస్తే సరిపోతుంది."

ఫోను ఇంకా పెట్టెయ్యలేదు. నాకున్న చివరి ఆయుధం తీశాను. "సరేనండీ, అట్ట అద్దంలా ఉంది కదా. అరవై పైసలంత గ్రేడేంటి?"

"అట్ట బాగుంది సార్. కానీ లోపల ప్రతి పేజీ మీదా పెన్సిలు రాతలున్నాయి. రాతలుంటే తగ్గించాలన్నది మా రూలు. తగ్గించాం గానీ సార్, మా ఆఫీసులో అందరం కూర్చుని అవన్నీ చదువుకున్నాం. మీరు నమ్మరు, ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు."

"ఏం రాతలు?"

అమ్మాయి ఎంతో ఆశ్చర్యంగా అడిగింది:

"మీరు చదవలేదా సార్?"

మైకు ఆ మాటను హాలు మూలమూలకీ చేరవేసింది. అప్పటిదాకా నవ్వినవాళ్లు కూడా ఆగి నావైపు చూశారు. ఫోను పెట్టేశాను. బల్ల చుట్టూ తిరిగినప్పటికన్నా అప్పుడే నాకు ఎక్కువ సిగ్గేసింది. నాగమణక్కయ్య ముందు వరసలోంచి లేచి వేదిక ఎక్కింది. తిడుతుందేమోనని తల దించుకున్నాను.

"తెరవండి తమ్ముడూ," అంది.

"అక్కయ్య గారూ, తెరిస్తే గ్రేడు..."

"ఏ గ్రేడు తమ్ముడూ? ఆ సున్నా పాయింటు ఆరా?"

మైకుసెట్టు ఆయన కటింగ్ ప్లయరు తెచ్చాడు. నూరేళ్లు చెక్కుచెదరదని నేను పొగిడిన పెట్టె కాసేపట్లోనే టక్కున విడిపోయింది. మాస్టారు పుస్తకం అందుకుని మొదటి పేజీ తిప్పారు. రాణికి మీసాలున్నాయి. రెండో పేజీలో గుర్రానికి కూడా ఉన్నాయి, రాణి మీసాల కన్నా బాగున్నాయి. మాటల బుడగల్లో అచ్చు అక్షరాల పక్కన పెన్సిలుతో గుండ్రటి దస్తూరీ. మాస్టారు ఆ రాతలను చర్చిలో పాడే గొంతుతో పైకి చదివారు.

"రాణి అంటోంది: 'నాగమణీ, కాకరకాయ కూర తిన్నావా? తినకపోతే కోట తలుపు తియ్యను.' ఇదిగో, ఒంటికన్ను దొంగ: 'కాలవ గట్టుకి ఒక్కదానివే వచ్చావంటే సంచిలో వేసుకుపోతా.' గుర్రం అంటోంది: 'జడ వేయించుకునేటప్పుడు ఏడవకు. నేను జూలు దువ్వించుకుంటే ఏడుస్తున్నానా?'"

హాలంతా మళ్లీ నవ్వు, కానీ ఈసారి అది వేరే నవ్వు. అక్కయ్య మైకు అవసరం లేకుండానే చెప్పింది.

"అమ్మ ఎప్పుడూ మంచం మీదే ఉండేదండి. నాకు అన్నం పెట్టడం, జడ వెయ్యడం అన్నీ అన్నయ్యే. నాకప్పటికి చదవడం రాదు. ఆయన చదివి వినిపిస్తే, ఎక్కడో గవ్వలకోటలో ఉన్న రాణికి నా పేరు ఎలా తెలిసిందా అని తెగ గర్వపడేదాన్ని. బళ్లో వేశాక కూడబలుక్కుని నేనే చదివి చూసుకున్నా. నిజంగానే నా పేరుంది!"

మాస్టారు చివరి పేజీకి వచ్చి ఆగారు. అచ్చు పేజీ మీద ఓ తెల్లకాగితం అంటించి ఉంది. మైదాపిండి జిగురు మరక అంచుల చుట్టూ పసుపుపచ్చగా కనిపిస్తోంది. కాగితం మీద వంకరటింకరగా రాణి, ఆమె పక్కన రెండు జడల చిన్నపిల్ల. ఇద్దరి ముందూ కంచాలు.

"నేనూ చిన్నప్పుడు చదివానమ్మా ఇది. రాణి చివర్లో సముద్రంలో మునిగిపోవాలి కదా?" అన్నారు మాస్టారు.

"మా ఇంట్లో మునగలేదండి," అంది నాగమణక్కయ్య.

మాస్టారు పుస్తకాన్ని ఆమె చేతికిచ్చారు. దాన్ని పట్టుకుని వరసల మధ్య నడుస్తూ ఆమె అందరికీ చూపించింది. జనం చేతులు తుడుచుకుని మరీ పట్టుకున్నారు. ఒక పెద్దాయన గుర్రం మీసాలు చూసి, తానూ తన తమ్ముడి పుస్తకంలో ఏనుగుకి కళ్లజోడు పెట్టానని ఒప్పుకున్నాడు. ఎవరో ఒకావిడ వాళ్ల అమ్మ ఉత్తరాల్లో ఇలాంటి దస్తూరీయే ఉండేదని చెప్పి కళ్లు తుడుచుకుంది. కాఫీలు చల్లారిపోయాయి, ఎవరూ అడగలేదు. లైబ్రరీవాళ్లు అద్దాల బీరువా చూపిస్తే అక్కయ్య సున్నితంగా వద్దంది. ఎప్పుడు చదవాలనిపిస్తే అప్పుడు రేపల్లె రండి, కొట్లో కుర్చీ వేస్తానంది.

సాయంత్రం ఆమెను బండెక్కించడానికి స్టేషనుకి వెళ్లాను. "క్షమించండి అక్కయ్య గారూ," అన్నాను. "ఎందుకు తమ్ముడూ? మా అన్నయ్య జోకులకి ఇంతమంది నవ్వడం ఆయన కూడా చూళ్లేదు," అంది కిటికీలోంచి. ఆ మాటకు నేను ప్లాట్‌ఫారం మీద జేబురుమాలు వెతుక్కోవాల్సి వచ్చింది. దొరకలేదు. గ్లౌజు దొరికింది.

ఆ కొత్త సంస్థకు పంపవచ్చా అని సేకరణదారులు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. నిక్షేపంగా పంపండి, బుద్ధిమంతులు, పేజీ పేజీ చదువుతారు అంటాను. పంపేముందు మీరూ చదవండి అని చేరుస్తాను. నా మటుకు నేను, తెనాలి కాలవల సాక్షిగా, ఈ విధంగా ప్రమాణం చేశాను: చదవని పుస్తకాన్ని ఊరు దాటించను. ఒక మనిషి తన అన్నయ్య గురించి చెబుతుంటే చెయ్యి అడ్డంపెట్టను. ఏ అంకెనైనా దాని చుట్టూ ఒక ప్రదక్షిణం పూర్తిచేయకుండా నమ్మను.

ఈ ప్రమాణాన్ని చక్కగా కాగితం మీద రాసి విజయకు చదివి వినిపించాను. "చాలా బాగుందండి. ఫ్రేము కట్టించి స్టూడియోలో తగిలించండి," అంది.

కట్టించను. తలకిందులుగా తగిలించేది నేనేనని నాకు బాగా తెలుసు.